పంటికి పాదు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



ఉత్సవసభలలో కావ్యమును గూర్చియో, దేశచరిత్రమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. పంటి చిగుళ్ళను గూర్చి ప్రసంగమనగనే వెనుక వరుసలలో నవ్వులు పుట్టుట సహజము. నవ్వినప్పుడే గదా పండ్లు బయటపడునది! ఆ నవ్వు అరువదియేండ్ల వయసునను నిండుగా నుండవలెనన్నచో ఏమి చేయవలెననునదియే నేటి విషయము.

పన్ను పుచ్చినచో నొప్పి పుట్టును. నొప్పి పుట్టినవాడు రాత్రియంతయు దవడ పట్టుకొని కూర్చుండి, తెల్లవారకముందే వైద్యుని వెదకికొని పోవును. చిగురు చెడినప్పుడు అట్టి కేక యేదియు వినబడదు. ఆ వ్యాధి చప్పుడు చేయక వచ్చును. ఏండ్ల తరబడి లోలోపల పని చేయును. తుదకు పుచ్చు లేని, అరుగుదల లేని గట్టి పంటిని ఊడబెరికికొని పోవును. ఏబదియేండ్లకే బోసినోరు పడినవారిని అడిగి చూడుడు. "పన్ను పుచ్చలేదు, కదలి కదలి తనంతట తానే ఊడిపోయినది" అని పెక్కుమంది చెప్పుదురు. వయసు మీరినచో పండ్లు ఊడుట న్యాయమేనని వారి సమాధానము. జుట్టు నెరయుట వయసుయొక్క ధర్మమే కాని, పండ్లు కదలుట వయసుయొక్క ధర్మము కాదు. అది రోగము. దానికి కారణము కలదు, నివారణోపాయము కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన నివేదికను బట్టి, తీవ్రమైన చిగుళ్ళవ్యాధి గలవారు లోకములో నూరుకోట్లకు పైబడియున్నారు. పెద్దవారిలో నూటికి ఇంచుమించుగా 19 మంది యన్నమాట.

ఈ వ్యాధి స్వరూపమును గ్రహించుటకు శాస్త్రపరిభాష వెదకనక్కరలేదు. తెలుగుభాషయే దానిని మూడు మాటలలో దాచియుంచినది: చిగురు, పాచి, గార.

కొమ్మ కొనయందు పుట్టు లేతాకు చిగురు. పంటి మొదలును చుట్టుకొనియుండు మెత్తని మాంసమును చిగురే. సంస్కృతమున దీనిని దంతమాంసమనియు, పంటిని చుట్టుకొనియుండునది గనుక దంతవేష్టమనియు వ్యవహరించిరి. ఆ మాటలలో అర్థము కలదు కాని, లేతదనము తెలుగుమాటయందే కలదు. లేతాకును ఎట్లు చేతబట్టుదుమో అట్లే దీనిని చూచుకొనవలెనని పేరు పెట్టినవారు ఎరుగుదురు కాబోలు. మొక్కకు పాదు ఎట్టిదో పంటికి చిగురట్టిది. పాదు చెడిన మొక్క ఆకులను తుడిచి తుడిచి ప్రయోజనమేమి? అయినను ఎక్కువమంది పంటి తెలుపును చూచుకొందురే కాని, చిగురు వంక చూడరు.

ఇక పాచి. చెరువుమెట్లపై జారుడుగా పట్టునది పాచి. తెల్లవారి లేచునప్పటికి పంటిపై జిగటగా పట్టియుండునదియు పాచియే. పోలిక పైకి కనబడుదానికంటె లోతైనది. చెరువుపాచికి ప్రాణమున్నట్లే పంటిపాచికిని ప్రాణమున్నది. ఈ సంగతిని మొదట కన్నులార చూచినవాడు హాలెండు దేశమున డెల్ఫ్టు పట్టణపు బట్టల వర్తకుడు, ఆంటనీ వాన్ లీవెన్‌హుక్. అతడు విశ్వవిద్యాలయములలో చదివినవాడు కాడు. తానే నూరి చేసికొన్న గాజుబిళ్ళలతో సూక్ష్మవస్తువులను చూచుట అతని వ్యసనము. 1683లో తన పంటి సందులలోని తెల్లని పాచిని తీసి, నీటిలో కలిపి చూడగా, అందు లెక్కకు మిక్కిలియైన చిన్న ప్రాణులు ఈదులాడుచుండెను. ఆ వింతను అతడు లండనులోని రాయల్ సొసైటీకి జాబుగా వ్రాసెను. చదువు బడిలోనే యుండవలెనని లేదనుటకు గ్రంథాలయసభలో ఇంతకంటె తగిన సాక్షి దొరకడు.

పండ్లు తోముకొన్న కొన్ని గంటలకే పాచి మరల పట్టుట మొదలిడును. నాటి పాచిని నాడు తీసివేసినచో హాని లేదు. తీయక నిలువయుంచినచో, ఉమ్మినీటిలోని సున్నపు లవణములు దానిలో చేరి, కొలది దినములలోనే అది గట్టిపడుటకు ఆరంభించును. అదియే గార. గోడకు పూయు గారయు సున్నమే, పంటికి పట్టు గారయు ఒక విధమైన సున్నమే. ఉమ్మినీరు ఊరు ద్వారములకు చేరువనుండుటచే, క్రింది ముందరి పండ్ల లోపలి వైపునను, పై దవడపండ్ల బుగ్గవైపునను ఇది మిక్కిలిగా పట్టును. నాలుక కొనతో క్రిందిపండ్ల వెనుక తడిమి చూచినచో గరుకుగా తగులునది అదియే. పాచిని వేపపుల్లయో బ్రష్షో తీయగలదు, గారను తీయలేదు. ఆ గరుకుమీద క్రొత్తపాచి మరింత సులువుగా నిలుచును. బకాయిపై బకాయి పేరుకొన్న ఖాతావలె దినదినమును భారము పెరుగును.

నల్లగొండ ప్రాంతమున నీటిలోని ఫ్లోరైడువలన పండ్లపై ఏర్పడు గోధుమరంగు మచ్చలను కొందరు గారయని భ్రమపడుదురు. అది పంటి లోపలి మచ్చ, చిగురు రోగముతో దానికి సంబంధము లేదు, గీకినను పోదు.

పాచి చిగురు అంచున నిలిచినప్పుడు దేహము ఊరకుండదు. అందలి సూక్ష్మజీవులు విడుచు విషములను ఎదుర్కొనుటకు చిగురులోనికి రక్తము ఎక్కువగా ప్రవహించును. చిగురు ఉబ్బును, ఎర్రబడును. పుల్ల తగిలినను, గట్టి జామకాయ కొరికినను రక్తము కారును. ఇది మొదటి దశ. ఇచ్చట ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. మనవారిలో చాలమంది చిగుళ్ళు స్వభావముగనే నల్లగానో గోధుమవన్నెగానో ఉండును. అది రోగము కాదు. బిగువు సడలి ఉబ్బుటయు, నిగనిగలాడుటయు, తాకినంతనే నెత్తురు చిమ్ముటయు రోగలక్షణములు.

రెండవ దశ కంటికి కనబడదు. దానిని డోర్నకల్లువారికి చెప్పుట సులభము. 1889లో బెజవాడకు రైలుమార్గము పడినది మొదలు ఈ ఊరు రైళ్ళ చప్పుడుతోనే నిదురించి, రైళ్ళ చప్పుడుతోనే మేల్కొనుచున్నది. కొత్తగూడెము వైపు చీలిన దారిని బొగ్గుబండ్లు పోవుచుండగా పట్టాల ప్రక్క నిలుచుండి చూచినవారెల్లరు ఎరుగుదురు: అంత బరువును మోయునది పట్టా ఒక్కటియే కాదు. పట్టా క్రింద స్లీపరు, స్లీపరు చుట్టు కంకర. కంకర జారిపోయినచో ఇనుము ఎంత గట్టిదైనను పట్టా కదలును. పన్నును అట్టిదే. పైకి కనబడు పన్ను కొంత. దవడయెముకలో దిగియున్న వేరు మరికొంత. వేరుకును ఎముకకును నడుమ సన్నని నారలవంటి బంధములు కలవు. జొన్నరొట్టె నమలునప్పుడు పడు బరువును ఆ నారలును ఎముకయు మోయుచున్నవి.

పాచియు గారయు చిగురు క్రిందికి దిగినప్పుడు ఈ నారలు తెగును. ఎముక కొంచెము కొంచెముగా కరగును. ఆరోగ్యముగా నున్నచోట చిగురుకును పంటికిని నడుమనుండు గాడి మూడు మిల్లీమీటర్లకు మించదు. రోగము ముదిరినకొలది అది నాలుగు, ఆరు, ఎనిమిది మిల్లీమీటర్ల గుంటయగును. ఆ గుంటలోనికి పుల్ల పోదు, బ్రష్షు పోదు. అందు పాచికి కాపురము స్థిరపడును. నోరు వాసన కొట్టును, నొక్కినచో చీము వచ్చును, పండ్ల నడుమ సందులు ఏర్పడును, ముందరి పండ్లు ముందుకు చాచుకొనును, పన్ను పొడవైనట్లు కనబడును. పన్ను పొడవు పెరుగలేదు, చిగురు దిగిపోయినది. తుదకు వ్రేలితో తాకినను కదలును. కంకర పోయిన పట్టాకు మరల కంకర పోయవచ్చును. కరగిపోయిన ఎముక మాత్రము సాధారణముగా తిరిగి రాదు. అందువలన మొదటి దశకును రెండవ దశకును గల భేదము మిక్కిలి ముఖ్యము. మొదటిది పూర్తిగా మానును. రెండవది ఎక్కడికి చేరెనో అక్కడ ఆపవచ్చును, అంతే.

మొదటి దశ మానుననుటకు నిదర్శనమేమని అడుగవచ్చును. డెన్మార్కు దేశపు ఆర్హస్ నగరములో హెరాల్డ్ లో అను ఆచార్యుడును అతని సహచరులును చేసిన పరీక్ష 1965లో ప్రకటితమైనది. చిగుళ్ళు ఆరోగ్యముగా నున్న 12 మంది, అందు ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులు, తమంతట తామై పండ్లు తోముకొనుట మానివేసిరి. దంతవైద్యము నేర్చువారు పాచిపండ్లతో తిరుగుట తలచుకొన్న నవ్వు వచ్చును కాని, ఆ త్యాగము లోకోపకారమైనది. పదిదినములు మొదలు మూడువారముల లోపల అందరికిని చిగుళ్ళు వాచెను. మరల తోముకొనసాగగా ఇంచుమించు ఒక వారములో అందరికిని చిగుళ్ళు పూర్వస్థితికి వచ్చెను. అనగా ఈ వాపునకు మూలము పాచి. పాచి తీసిన వాపు పోవును.

మరి తీయకయే జీవితమంతయు గడపినచో? ఆ ఆచార్యుడే 1970 మొదలు 1985 వరకు శ్రీలంక తేయాకుతోటలలో 480 మంది కూలీలను మధ్యమధ్య పరీక్షించెను. వారికి బ్రష్షు అలవాటు లేదు, దంతవైద్యుని ఎరుగరు. అందరి పండ్లకును పాచియు గారయు సమృద్ధిగా నుండెను. అందరికిని చిగుళ్ళు వాచియుండెను. కాని ఫలము అందరికిని ఒకటిగా లేదు. నూటికి 8 మందికి రోగము వేగముగా ముదిరి, నలుబది అయిదేండ్లు నిండునప్పటికి పండ్లు దాదాపు అన్నియు పోయెను. 81 మందికి అది మెల్లగా సాగెను. 11 మందికి మాత్రము చిగుళ్ళవాపుతోనే నిలిచిపోయెను. "మా తాత ఎన్నడును బ్రష్షు ముట్టలేదు, ఎనుబదియేండ్లకును చెరుకు నమిలెను" అని వాదించువారు ప్రతి ఊరను కలరు. ఆ తాత ఆ పదునొకండుగురిలోని వాడు. మనుమడు ఏ లెక్కలోని వాడో ముందుగా చెప్పుటకు వీలులేదు.

ప్రాచీనులు ఈ విషయమున ఏమరియుండలేదు. సుశ్రుతుడు నోటిరోగములను 65 గా లెక్కించెను. అందు పంటికి సంబంధించినవి 8 మాత్రమే. చిగుళ్ళకు సంబంధించినవి 15. పంటికంటె చిగురుకే రోగములు మెండని ఆయన కనిపెట్టిన తీరు ఆశ్చర్యకరము. శీతాదమను రోగములో కారణము కనబడకయే చిగుళ్ళనుండి రక్తము కారును, చిగురు మెత్తబడి దుర్వాసన కొట్టునని వర్ణించెను. దంతవేష్టమను రోగములో చీమునెత్తురులు కారి పండ్లు కదలునని చెప్పెను. వాత పిత్త కఫ రక్తముల దోషములను కారణముగా చెప్పిరే కాని, సూక్ష్మజీవులను వారెరుగరు. లీవెన్‌హుకుని అద్దము వారికి లేదు. అన్నియు మన గ్రంథములలో కలవని మురిసిపోవుట ఒక తప్పు. ఏమియు లేదని త్రోసివేయుట మరియొక తప్పు. లక్షణములను చూచిన కన్ను మాత్రము వారిది చాల నిశితమైనది.

పలుదోముపుల్లను గూర్చి చరకుడు విధించిన నియమములలో రెండింటిని లోకము మరచినది. పుల్లను ఉదయమొక్కసారి కాక రెండు పూటలను వాడవలెననునది మొదటిది. చిగుళ్ళకు బాధ కలుగకుండ వాడవలెననునది రెండవది. పుల్ల కొనను నమలి మెత్తని కుంచెవలె చేసికొనుమనియు ఆయన చెప్పెను. సుశ్రుతుడు చేదుపుల్లలలో వేపను, వగరువానిలో చండ్రను, కారపువానిలో కానుగను, తీపివానిలో ఇప్పను శ్రేష్ఠములనెను. ఈ నాలుగు చెట్లును ఈ ప్రాంతపు పొలిమేరలకును అడవులకును చుట్టములే. ముసల్మాను సోదరులు వాడు మిస్వాకు కూడ ఇట్టి సాధనమే.

ఇప్పుడు అసలు చిక్కుకు రావలసియున్నది. ఒక రైతు ఉదయమున బావిగట్టున కూర్చుండి వేపపుల్ల నమలి ఉమ్మగా ఎర్రని చార కనబడెననుకొనుడు. అతడు పుల్లను చూచును; పుల్ల గుచ్చుకొన్నదనుకొనును. మరునాడును రక్తము వచ్చినచో ఆ వైపు పుల్ల పెట్టుట మానును. ఇంటివారును "గాయమైనచోట ఏల గెలుకుట, మానువరకు ఊరకుండు" మందురు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు ఈ మాట సరియే. చిగురు విషయమున ఇదియే కొంపముంచు మాట. పుల్ల తగులుటచే రక్తము వచ్చుట నిజమే కాని, ఆరోగ్యముగల చిగురు మెత్తని పుల్ల తగిలినంతమాత్రమున రక్తము కార్చదు. అక్కడ పాచి నిలిచియుండుటచేతనే చిగురు రక్తము కార్చుచున్నది. తోముట మానినకొలది పాచి పెరుగును. పాచి పెరిగినకొలది రక్తమెక్కువగును. రక్తమెక్కువైనకొలది భయమెక్కువై తోముట మరింత మానును. కొంతకాలమునకు ఆ వైపు నమలుటయు మానును. పదేండ్లలో ఆ వైపు దవడపండ్లు కదలుట మొదలిడును. అప్పుడతడు వయసును నిందించును. రక్తము కారుచోట తోముట మానరాదు. మెత్తగా, శ్రద్ధగా, ముందుకంటె ఎక్కువగా తోమవలెను.

ఇందుకు విరుద్ధముగా కొందరు వీరులు కలరు. కట్టెబొగ్గుపొడియో, ఇటుకపొడియో, ఉప్పుకల్లో తీసికొని చూపుడువ్రేలితో పళ్ళెము తోమినట్లు రుద్దుదురు. పళ్ళెమునకు చిగురు లేదు. ఆ గరుకుపొడి పంటి నిగ్గును అరగదీయును. చిగురును క్రిందికి దింపి వేరును బయటపెట్టును. తరువాత చల్లనినీరు త్రాగినను జివ్వుమనును. గట్టికుచ్చుల బ్రష్షుతో అడ్డముగా కోసినట్లు రుద్దుటయు ఇట్టిదే.

గార తీయించుకొనుటయన్న, దానినే స్కేలింగని యందురు, జనులకు ఇంకొక భయము. "గార తీయించిన పండ్లు వదులగును, సందులు పడును" అను మాట చదువుకొన్నవారి నోటను వినబడును. ఇది ఎట్లు పుట్టినదో ఊహించుట కష్టము కాదు. ఏండ్ల తరబడి పండ్ల నడుమ గార నిండియుండి, వాచిన చిగురు దానిని కప్పియుండును. గార తీసినప్పుడు సందు కనబడును. వాపు తగ్గినప్పుడు చిగురు కుంచించుకొనును. ఆ సందు గార తీసినవాడు చేసినది కాదు, గార చేసినది. కదలు పంటిని గార పట్టియుంచినచో, పాడుగోడను చెదలపుట్ట నిలబెట్టినట్లే. పై పన్ను తీయించినచో కంటిచూపు పోవుననునది మరియొక అపోహ. పంటిని తీసినందున చూపు పోదు. రెండింటి నరములును వేరు. ఈ భయముతో చీముపట్టిన పంటిని ఏండ్లు మోయువారిని చూచిన జాలి కలుగును.

చిగుళ్ళ విషయమున కొందరు ఇతరులకంటె జాగరూకులై యుండవలెను. మధుమేహము గలవారు వారిలో మొదటివారు. రక్తములో చక్కెర అదుపు తప్పినచో చిగుళ్ళు త్వరగా చెడును, ఆలస్యముగా మానును. చిగుళ్ళవాపు ముదిరినచో చక్కెరను అదుపులో నుంచుట కష్టమగును. ఒకదానినొకటి ఎగదోసికొను రోగములివి. చిగుళ్ళకు చికిత్స చేయించుకొన్న మధుమేహరోగులకు చక్కెర కొంత తగ్గుటయు వైద్యులు గమనించిరి. షుగరు మాత్రలు క్రమము తప్పక మ్రింగుచు చిగుళ్ళను మరచినవారు సగము వైద్యమే చేసికొనుచున్నట్లు.

పొగత్రాగువారి సంగతి మరింత మోసకరమైనది. పొగాకువలన చిగుళ్ళలోని రక్తనాళములు కుంచించుకొనును. అందువలన రోగము లోపల ముదురుచున్నను రక్తము అంతగా కారదు. హెచ్చరికయే వినబడదు. వేసవిలో తునికాకు కోసి కట్టలు కట్టి కల్లములో ఎండబెట్టిన చేతులే ఆ ఆకు బీడీయై తిరిగివచ్చినప్పుడు కాసులిచ్చి కొనుచున్నవి. చుట్టయు, జర్దాయు, పండ్లకు నశ్యము రాచుకొనుటయు ఈ కోవలోనివే. వీనివలన నోటి క్యాన్సరు భయము వేరుగా నున్నది. ఉత్తరకోస్తాలో స్త్రీలు నిప్పువైపు నోటిలో నుంచుకొని త్రాగు అడ్డచుట్టవలన అంగిలికి క్యాన్సరు వచ్చుట వైద్యులందరికి తెలిసిన విషయము.

గర్భిణులకు దేహములోని మార్పులచే చిగుళ్ళు సులభముగా ఉబ్బి రక్తము కారును. ఆ నెలలలో పండ్లను శుభ్రపరచుకొనుటవలనగాని, వైద్యునిచే గార తీయించుకొనుటవలనగాని బిడ్డకు హాని లేదు. నడిమి మూడు నెలలు అందుకు అనువైనవి. మూర్ఛకు వాడు ఫినిటోయిన్, రక్తపోటుకు వాడు కొన్ని మాత్రలు చిగుళ్ళను లావుగా పెంచును. అట్టివారు మందు తమంతట తాము మానరాదు. ఆ సంగతిని వైద్యునకు చెప్పవలెను. ఇక జ్వరముతో పాటు ఉన్నట్టుండి చిగుళ్ళనుండి రక్తము వచ్చినచో అది పాచి మాట కాదు. డెంగీ మొదలగు జ్వరములలో అది అపాయసూచన. ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

ఉసిరి, నిమ్మ, జామ తినినచో చిగుళ్ళు బాగుపడునని ఇల్లాండ్రు చెప్పుట వట్టిమాట కాదు. పూర్వము నెలల తరబడి సముద్రముపై తిరిగిన నావికులకు తాజాపండ్లు లేక చిగుళ్ళు కుళ్ళి పండ్లు రాలెడివి. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడవైద్యుడు నారింజలును నిమ్మపండ్లును ఇచ్చి దానిని కుదుర్చవచ్చునని పరీక్షించి చూపెను. కాని పెరటిలో జామచెట్టున్నవారికి ఆ రోగము అరుదు. ఉసిరిపచ్చడి ఎంత తినినను పంటిమీది పాచి తనంతట తాను పోదు.

చేయవలసిన పని చాల చిన్నది. ఉదయమొకమారు, రాత్రి భోజనమైన పిదప పరుండబోవునప్పుడు ఒకమారు తోముకొనవలెను. రెండింటిలో రాత్రిదే ముఖ్యము. నిద్రలో ఉమ్మినీరు తక్కువగా ఊరును గనుక పాచికి అది పంటకాలము. మెత్తనికుచ్చుల బ్రష్షును పంటిమీద కాక, పన్నును చిగురును కలియు అంచున ఏటవాలుగా నానించి, చిన్న చిన్న చుట్లుగా త్రిప్పుచు, చిగురునుండి పంటికొనకు జారవిడువవలెను. లోపలివైపు మరువరాదు, గార పుట్టినిల్లు అక్కడనే. మొత్తము రెండు నిమిషములు. కుచ్చులు విచ్చుకొన్న బ్రష్షు పనికిరాదు. మూడు నెలలకొకసారి మార్చవలెను. వేపపుల్ల వాడువారు అదియే వాడవచ్చును. కొనను బాగుగా నమలి మెత్తబరచి, ఒక్కొక్క పంటిని విడివిడిగా, చిగురు అంచుదాక తుడువవలెను. మాటలాడుచు, వీధిలో తిరుగుచు అరగంట నమలినవాడు పుల్లను శుభ్రపరచినట్లే కాని పండ్లను కాదు.

పంటికి పంటికి నడుమనున్న సందు బ్రష్షుకు అందదు. రోగము మొదలగునది పెక్కుమారులు అక్కడనే. దానికి సన్నని దారము, సందులలో దూరు చిన్నబ్రష్షులు మందులషాపులలో దొరకును. పిన్నీసు, అగ్గిపుల్ల, గోరు వాడుట చిగురును చీల్చుకొనుటయే. పూర్వులు పంటికి ద్విజమని పేరు పెట్టిరి. ఒకమారు రాలి మరల పుట్టునది గనుక. మూడవ పుట్టుక దానికి లేదు.

ఇంటికి చేరిన పిదప, రేపటి ఉదయమున ఎండ పడుచోట అద్దము పట్టుకొని, పెదవిని క్రిందికి లాగి చూచుకొనుడు. పండ్లు తోముకొని ఉమ్మినప్పుడు రంగును గమనింపుడు. ఎర్రచార కనబడినచో, చెప్పిన విధముగా రెండు పూటలను రెండు వారములు మెత్తగా తోముకొనుడు. మొదటి మూడు నాలుగు దినములు రక్తము కనబడినను ఆపవలదు, క్రమముగా తగ్గును. రెండు వారముల పిదపను తగ్గనిచో, లేక పన్ను కదలుట, చీము, విడువని నోటిదుర్వాసన కలిగియున్నచో, అది ఇంటిలో కుదురు దశను దాటినది. ఖమ్మములో దంతవైద్య కళాశాల కలదు. డోర్నకల్లులో రైలెక్కినచో అది దూరము కాదు. పోవునప్పుడు వాడుచున్న మాత్రల చీటీని, షుగరు పరీక్ష కాగితమును వెంట తీసికొని పోవలెను. వైద్యుడు సన్నని కొలత పుల్లతో పంటి చుట్టు గాడి లోతును కొలుచును. ఆ అంకెలను అడిగి వ్రాయించుకొనుడు; మరుసటి యేడు మరల కొలిపించుకొన్నప్పుడు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచుటకు అవి పనికివచ్చును.